రానివాళ్ళ లెక్క

ముందుగా ఒక చిన్న లెక్క చేద్దాం. పెద్దవాళ్ళ శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తాన్ని పొద్దున్నే పరగడుపున పరీక్షిస్తే, ప్రతి 100 మిల్లీలీటర్లలో దాదాపు 90 మిల్లీగ్రాముల గ్లూకోజు కనిపిస్తుంది. అలాగైతే ఒంట్లోని రక్తం మొత్తంలో ఉన్న గ్లూకోజు ఎంత? పెన్సిలు తీసుకుని వేసి చూడండి. నాలుగున్నర గ్రాములు! ఒక చిన్న చెంచాడు పంచదార ఎత్తు, అంతే. పొలం దున్నే మనిషైనా, పరీక్ష రాసే మీరైనా ఆ చెంచాడు గ్లూకోజు తరగకుండా, పెరగకుండా ఉంటేనే సుఖంగా ఉంటారు.

ఇప్పుడు అదే లెక్కను 126 మిల్లీగ్రాములతో వేయండి. 6.3 గ్రాములు వస్తుంది. రెండింటికీ తేడా రెండు గ్రాములు కూడా లేదు. కాని పరగడుపున 126, ఆపైన ఉన్నట్లు పరీక్షలో రూఢి అయితే ఆ మనిషికి మధుమేహం ఉన్నట్లే. మన వైపు అందరూ 'షుగరు' అంటున్న జబ్బు ఇదే. చిటికెడు పంచదార ఎక్కువైతే ఏమవుతుందిలే అనిపిస్తుంది కదూ? ఒక్క పూటకైతే ఏమీ కాదు. పదేళ్ళపాటు రాత్రింబవళ్ళు ఎక్కువగానే ఉంటే, కంటి వెనుక పొరలోని సన్నని రక్తనాళాలు, మూత్రపిండాల్లోని వడపోత గుచ్ఛాలు, కాళ్ళకు పోయే నాడులు మెల్లమెల్లగా చెడిపోతాయి. గుండెపోటు, పక్షవాతం వచ్చే అవకాశమూ పెరుగుతుంది.

గ్లూకోజును అదుపులో ఉంచేది ఇన్సులిన్ అనే హార్మోను అని మీ జీవశాస్త్రం పుస్తకంలో చదివే ఉంటారు. కడుపులో జీర్ణాశయం వెనుక అడ్డంగా ఉండే క్లోమగ్రంథి దాన్ని తయారుచేస్తుంది. అన్నం తిన్నాక రక్తంలోకి చేరిన గ్లూకోజు కండరాల కణాల్లోకి పోవాలంటే ఇన్సులిన్ తలుపు తీయాలి. కొందరిలో, ముఖ్యంగా చిన్నవాళ్ళలో, ఇన్సులిన్ తయారీయే ఆగిపోతుంది. ఇది మొదటి రకం. మన చుట్టూ ఎక్కువగా కనిపించేది రెండవ రకం. ఇందులో ఇన్సులిన్ ఉంటుంది గాని, కణాలు దాని మాట సరిగా వినవు. కొన్నేళ్ళకు క్లోమం కూడా అలసిపోతుంది. మన పూర్వులకు ఈ వివరాలు తెలియవు గాని జబ్బు తెలుసు. మూత్రం తేనెలా తియ్యగా ఉండటాన్ని బట్టి మధుమేహమని పేరు పెట్టారు. చీమలు పట్టడం చూసి గుర్తుపట్టేవారు.

మీ బడి ప్రయోగశాలలో బెనెడిక్ట్ ద్రావణం అనే నీలిరంగు మందు ఉండే ఉంటుంది. గ్లూకోజు కలిపి వేడిచేస్తే అది ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరకు ఇటుక రంగుకు తిరుగుతుంది. వెనకటి రోజుల్లో ఆసుపత్రుల్లో మూత్రాన్ని ఇలాగే పరీక్షించేవారు. అందులో ఒక చిక్కు ఉంది. రక్తంలో గ్లూకోజు సుమారు 180 దాటే దాకా మూత్రపిండాలు దాన్ని బయటికి పోనివ్వవు. 126కూ 180కీ మధ్య ఉన్నవాడికి మూత్రంలో ఏమీ కనిపించదన్నమాట. రంగు మారలేదు గనుక జబ్బు లేదని అనుకునేవారు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. మనిషి మామూలుగానే తిరుగుతుంటాడు.

ఈ నొప్పి లేకపోవడమే అసలు ముప్పు. ఎందుకంటే మన ఆసుపత్రులు, మన దేశంలోనే కాదు ప్రపంచమంతటా, నొప్పి పుట్టి వచ్చే మనిషి కోసం ఏర్పాటైనవి. జ్వరం వస్తుంది, డాక్టరు గారి దగ్గరకు పోతాం, మందు ఇస్తారు, తగ్గుతుంది, ఇక కనబడం. మళ్ళీ రాకపోవడమే అక్కడ జబ్బు నయమైనందుకు గుర్తు! షుగరు విషయంలో ఇది తలకిందులు. మళ్ళీ రాకపోవడమే ప్రమాదానికి గుర్తు. అమెరికాలో సియాటిల్ నగరానికి చెందిన డాక్టరు ఎడ్వర్డ్ వాగ్నర్ 1990లలో ఈ సంగతిని పట్టుకుని, దీర్ఘవ్యాధులకు వేరే పద్ధతి కావాలని వివరించారు. రోగి వచ్చేదాకా కూర్చోకుండా, ఎవరు రావాలో ముందే పట్టిక ఉంచుకుని, రానివాళ్ళను పిలవాలి. డాక్టరొక్కరే కాక నర్సూ, ఊళ్ళోని ఆరోగ్య కార్యకర్తా, రోగీ, ఇంటివాళ్ళూ అందరూ తలా ఒక పని పంచుకోవాలి. వినడానికి ఎంతో సాదాగా ఉంది. అమలు చేయడమే కష్టం.

శివారుకు చేరని నీరు

కొల్లేటికి అవతల ఉన్న గోదావరి జిల్లాల సంగతి చూడండి. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 20 గ్రామాల్లో 30 ఏళ్ళు నిండినవాళ్ళను నాలుగున్నర వేల మందికి పైగా పరీక్షించి, ఆ వివరాలను 2006లో ప్రచురించారు. నూటికి సుమారు 13 మందికి షుగరు ఉన్నట్లు తేలింది. పల్లెటూళ్ళలో కష్టం చేసుకునేవాళ్ళకు ఈ జబ్బు రాదని అంతవరకూ చాలామంది అనుకునేవారు. అంతకన్నా ఆశ్చర్యమేమంటే, ఆ 13 మందిలో దాదాపు సగం మందికి తమకు జబ్బు ఉన్నట్లే తెలియదు. మన డెల్టాకు, ఆ డెల్టాకు నేలలో గాని, తిండిలో గాని పెద్ద తేడా లేదు కదా! ఇక దేశం మొత్తం మీద 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం, మరో 13 కోట్ల 60 లక్షల మందికి దాని ముందు దశ ఉన్నాయని భారత వైద్య పరిశోధన మండలి వారి పెద్ద సర్వే 2023లో అంచనా కట్టింది.

వైద్యులు సరదాగా చెప్పుకునే 'సగాల సూత్రం' ఒకటుంది. ఇలాంటి జబ్బులున్న ప్రతి 100 మందిలో సగం మందికే, అంటే 50 మందికే, తమకు ఉన్నట్లు తెలుసు. వారిలో సగం, 25 మంది, వైద్యం పొందుతారు. అందులో సగానికి, 12 మందికో 13 మందికో, జబ్బు అదుపులో ఉంటుంది. ఇది న్యూటను సూత్రం లాంటిది కాదు. ఊరిని బట్టి, కాలాన్ని బట్టి అంకెలు మారతాయి. కాని ఎక్కడెక్కడ కారిపోతోందో చూపించడానికి బాగా పనికొస్తుంది.

కారిపోవడం గురించి డెల్టా పిల్లలకు ఒకరు చెప్పాలా? బెజవాడ దగ్గర ప్రకాశం బ్యారేజి నుంచి నీళ్ళు వదిలారని రేడియోలో చెబుతారు. తల దగ్గర కాలువ నిండుగా పారుతుంది. దారిలో గండ్లు, గుర్రపుడెక్క, పూడిక. శివారు రైతు మాత్రం ఆకుమడి పక్కన నిలబడి ఎదురుచూస్తుంటాడు. వదిలిన నీరు ఎంత అన్నది ఒక లెక్క, శివారుకు చేరిన నీరు ఎంత అన్నది ఇంకో లెక్క. వైద్యంలో కూడా అంతే. మెట్‌ఫార్మిన్ అనే మాత్రను ఫ్రాన్సు దేశపు వైద్యుడు జాన్ స్టెర్న్ 1957లోనే మధుమేహ రోగులకు ఇచ్చి ఫలితాలు ప్రకటించారు. చవకైన మందు, ఇవాళ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతుంది. ఇన్సులిన్‌ను తొలిసారి ఒక కుర్రవాడికి ఇచ్చి 2022 జనవరికే నూరేళ్ళు నిండాయి. అయితే మందు కనిపెట్టడం బ్యారేజి కట్టడం లాంటిది. అది శివారు మనిషి ఒంట్లోకి నెలనెలా, ఏళ్ళ తరబడి చేరేలా చూడటం కాలువ బాగుచేయడం లాంటిది. రెండో పనికి నోబెల్ బహుమతులు రావు. కాని ప్రాణాలు నిలిచేది అక్కడే అని నా అభిప్రాయం.

మూడు నెలల జ్ఞాపకం

వైద్యం సరిగా జరుగుతోందో లేదో ఎలా కనిపెట్టాలి? వేలు పొడిచి చూసే రక్తపరీక్ష ఆ క్షణానికి ఎంత ఉందో చెబుతుంది. అది ఫొటో వంటిది. పరీక్ష ఉందని తెలిసి రెండు రోజులు అన్నం తగ్గించి వచ్చేవాళ్ళు మన ఊళ్ళలో కొల్లలు. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున బడి శుభ్రం చేసినట్లు! అయితే శరీరం తనంతట తానే రాసిపెట్టుకునే ఒక దస్తావేజు ఉంది. దాన్ని ఎవరూ మోసం చేయలేరు.

ఎర్ర రక్తకణాల్లో హీమోగ్లోబిన్ ఉంటుంది గదా. రక్తంలో తిరిగే గ్లూకోజు, ఏ ఎంజైము సాయమూ లేకుండానే, నెమ్మదిగా ఈ హీమోగ్లోబిన్‌కు అంటుకుంటూ ఉంటుంది. ఒకసారి గట్టిగా అంటుకుంటే ఇక ఊడదు. గ్లూకోజు ఎంత ఎక్కువగా ఉంటే అంత ఎక్కువగా అంటుకుంటుంది. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. కాబట్టి ఒక చుక్క రక్తం తీసి, హీమోగ్లోబిన్‌లో నూటికి ఎంత భాగానికి పంచదార పట్టిందో చూస్తే, గడచిన రెండు మూడు నెలల సరాసరి బయటపడుతుంది. ఈ పరీక్ష పేరు హెచ్‌బి ఎ-వన్-సి. మధుమేహ రోగుల హీమోగ్లోబిన్‌లో ఉన్న ఈ తేడాను 1968లో బయటపెట్టిన శాస్త్రజ్ఞుడు టెహ్రాన్‌లో పనిచేసిన శామ్యూల్ రహబర్. ఈ అంకె 7 ఉంటే మూడు నెలల సరాసరి గ్లూకోజు 154 ప్రాంతం. 9 ఉంటే 212 ప్రాంతం. చాలామందికి 7కు లోపల ఉంచాలని డాక్టర్లు చూస్తారు. బాగా పెద్దవాళ్ళకు కాస్త సడలిస్తారు. ఇక్కడ ఒక హెచ్చరిక. రక్తహీనత ఉన్నవాళ్ళలో ఎర్రకణాల ఆయుష్షు, సంఖ్య మారిపోతాయి గనుక ఈ అంకె తప్పుదారి పట్టించవచ్చు. రక్తహీనత మన ఆడవాళ్ళలో ఎక్కువ కాబట్టి డాక్టర్లు దీన్నొక్కదాన్నే నమ్మి ఊరుకోరు.

అంకె తగ్గితే నిజంగా మేలు జరుగుతుందా అని మీలో ఎవరైనా అడిగితే, అది మంచి ప్రశ్న. బ్రిటనులో 1977లో మొదలుపెట్టి, కొత్తగా షుగరు బయటపడిన 5,102 మందిని చేర్చుకుని, ఇరవై ఏళ్ళు వెంట ఉండి చూశారు. 1998లో ఫలితాలు వెలువడ్డాయి. గట్టిగా అదుపు చేసినవారిలో ఈ అంకె సరాసరి 7, మామూలు వైద్యం పొందినవారిలో 7.9. తేడా ఒకటి కూడా లేదు. అయినా కళ్ళు, మూత్రపిండాల వంటి చిన్న రక్తనాళాల చిక్కులు మొదటి వారిలో పాతిక శాతం తక్కువగా వచ్చాయి. రక్తపోటును కూడా అదుపులో పెట్టినవారికి ఇంకా మేలు కనిపించింది. అందుకే షుగరు రోగికి రక్తపోటు చూడకుండా పంపితే ఆ వైద్యం సగం వైద్యమే.

హాజరుపట్టీ

ఇప్పుడు మనం అసలు విషయానికి వచ్చాం. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని ఊహించుకోండి. ఇది నేను లెక్క కోసం కల్పించినది సుమా! దాని పరిధిలోని ఊళ్ళలో 300 మంది షుగరు రోగుల పేర్లు రిజిష్టరులో ఉన్నాయి. ఈ మూడు నెలల్లో 180 మంది వచ్చారు. వారిలో 90 మందికి జబ్బు అదుపులో ఉంది. ఆరోగ్య కేంద్రం వారు బోర్డు మీద ఎంత శాతమని రాయాలి?

వచ్చినవాళ్ళలో చూస్తే 180కి 90, అంటే 50 శాతం. చాలా బాగుందే అనిపిస్తుంది. కాని పేర్లున్నవాళ్ళు 300 మంది. 300కు 90 అంటే 30 శాతమే. భిన్నంలో లవం మారలేదు, హారం మారింది. రాని 120 మంది ఏమయ్యారు? కొందరు వేరే చోట వైద్యం చేయించుకుంటూ ఉండవచ్చు. కొందరు మాత్రలు మానేసి ఉండవచ్చు. ఒకరిద్దరికి కాలి పుండు మొదలై ఉండవచ్చు. బోర్డు మీద 50 అని రాస్తే ఈ 120 మందీ మాయమైపోతారు. మీ తరగతిలో పరీక్షకు వచ్చినవాళ్ళ మార్కులే సరాసరి కట్టి, రానివాళ్ళ పేర్లు ఎత్తకపోతే తరగతి ఎంత చక్కగా ఉన్నట్లు కనిపిస్తుందో ఆలోచించండి. ఉపాధ్యాయుడికి హాజరుపట్టీ ఎందుకు ఇచ్చారనుకుంటున్నారు? వచ్చినవాళ్ళు ఎలాగూ కళ్ళెదుట ఉంటారు. హాజరుపట్టీ రానివాళ్ళ కోసం.

ఈ పద్ధతి కాగితం మీద కల కాదు. మన దేశంలో 2017లో రక్తపోటు నియంత్రణ కోసం ఒక పథకం ప్రారంభమైంది. మొదటి విడతలో చేరిన రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. అందులో అందరు డాక్టర్లకూ ఒకే మందుల క్రమం ఇచ్చారు. రోగికి ఒకేసారి నెల రోజుల మాత్రలు ఇవ్వాలన్నారు. అన్నిటికన్నా నాకు నచ్చింది, లెక్క కట్టే తీరు. పేరు నమోదైన ప్రతి మనిషీ అదుపులో ఉన్నవాడు, అదుపులో లేనివాడు, రానివాడు అనే మూడు గళ్ళలో ఏదో ఒక దానిలో పడి తీరాలి. నాలుగో గడి లేదు, దాక్కోవడానికి చోటు లేదు. తరువాత షుగరును కూడా ఇదే దారిలో పెట్టడం మొదలుపెట్టారు.

మన ఆంధ్రప్రదేశ్‌లో రోగి వచ్చే దాకా ఆగకుండా ఆసుపత్రినే ఊరికి పంపే ప్రయత్నాలు జరిగాయి. 104 బండ్లు మీకు తెలుసు. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో మొదలై, నెలకొకసారి నిర్ణయించిన రోజున ఊరికి వచ్చి, షుగరు, రక్తపోటు చూసి మాత్రలు ఇచ్చేవి. 2020 జూలై 1న విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర 108, 104 బండ్లు కలిపి 1,088 కొత్త వాహనాలను ప్రారంభించారు. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం వచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ఇద్దరు డాక్టర్లలో ఒకరు 104 బండిలో పల్లెకు వెళ్ళి చూడాలన్నది అందులోని ఏర్పాటు. ప్రతిసారీ అదే డాక్టరు అదే ఊరికి పోతే, పోయినసారి ఏ మాత్ర ఇచ్చారో, ఎవరు రాలేదో గుర్తుంటుంది. ముఖపరిచయం కూడా ఒక మందే.

బండి వస్తే చాలునా, ఆశా కార్యకర్త చేతిలో కంప్యూటరు పెడితే చాలునా? చాలదని మన పక్క జిల్లాలోనే రుజువైంది. పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల కింద 54 గ్రామాల్లో ఒక పెద్ద ప్రయోగం చేశారు. ఆశా కార్యకర్తలు పలక వంటి చిన్న కంప్యూటర్లు పట్టుకుని 40 ఏళ్ళు దాటినవారి ఇళ్ళకు వెళ్ళి, గుండెజబ్బు, పక్షవాతం వచ్చే ప్రమాదం ఎవరికి ఎక్కువో లెక్క కట్టారు. ఆ వివరం డాక్టరుకు చేరుతుంది. ఏ మందు ఇవ్వాలో కంప్యూటరు గుర్తుచేస్తుంది. రెండేళ్ళు చేశాక ఫలితాలు 2019లో ప్రచురించారు. ఆశా కార్యకర్తలు తమ పని చక్కగా చేశారు. కాని ప్రమాదం ఉందన్నవారిలో డాక్టరు దగ్గరకు ఒక్కసారైనా తిరిగి చేరినవారు సగానికి లోపే. చివరకు రక్తపోటు అదుపులో ఉన్నవారి సంఖ్యలో తేడా ఏమీ కనబడలేదు!

ఈ ఫలితం చూసి నిరుత్సాహపడనక్కరలేదు. విజ్ఞానశాస్త్రంలో ఇలాంటి 'లేదు' అనే జవాబు ఎంతో విలువైనది. కాలువలో ఒక్క గండి పూడ్చితే నీళ్ళు ఇంకో గండిలోంచి పోతాయని అది చెప్పింది. జబ్బును కనిపెట్టడం అనే గండి పూడింది, డాక్టరు దగ్గరకు చేరడం అనే గండి మిగిలింది.

మరి అన్నీ కలిపి చేస్తే? భారతదేశం, పాకిస్తాన్‌లలో 10 మధుమేహ చికిత్సాలయాల్లో 1,146 మంది రోగులతో ఇంకొక ప్రయోగం జరిగింది. 2016లో దాని ఫలితాలు వచ్చాయి. ఇవి పల్లె ఆసుపత్రులు కావు, ప్రత్యేక చికిత్సాలయాలు. సగం మందికి రెండు సదుపాయాలు అదనంగా కల్పించారు. ఒకటి, రోగులకు ఫోను చేసి గుర్తుచేసే, మాట్లాడే ఒక సమన్వయకర్త. రెండు, ఇతనికి మందు మోతాదు పెంచవలసి ఉందని డాక్టరును తట్టిచెప్పే కంప్యూటరు. ఈ రెండో దాని అవసరం మీకు విచిత్రంగా తోచవచ్చు. అంకె ఎక్కువగా ఉందని చూసి కూడా 'ఈసారికి ఇవే వాడండి, వచ్చే నెల చూద్దాం' అనడం డాక్టర్లలో లోకమంతటా ఉన్న అలవాటే. మామూలు వైద్యంలో షుగరుతోపాటు రక్తపోటో, కొలెస్టరాలో కూడా అదుపులోకి వచ్చినవారు నూటికి 8 మంది. అదనపు సదుపాయాలున్నవారిలో 18 మంది. రెట్టింపు కన్నా ఎక్కువ. అయినా మిగిలిన 82 మంది సంగతి మరచిపోకూడదు.

నా కల్పిత ఆరోగ్య కేంద్రానికి మళ్ళీ పోదాం. అక్కడి నర్సమ్మ రాని 120 మంది పేర్లను ఊరివారీగా విడదీసింది. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ పోయి ఎందుకు రాలేదని అడిగారు, తిట్టలేదు. తిడితే మళ్ళీ రారు. ఒక ఊళ్ళో సగం మంది వరికోతల్లో ఉన్నారు. కూలి మానుకుని వస్తే ఆ రోజు గింజ లేదు. ఇంకో ఊళ్ళో ఒకసారి మాత్రలు అయిపోయాయని తిప్పి పంపారట. అప్పటి నుంచి ఆ ఊరివాళ్ళు రావడమే మానేశారు. కొందరు 'బాగానే ఉంది కదా' అని మానేశారు. ఇంకా కొందరు కాకరరసం తాగుతున్నాం గనుక మాత్ర అక్కరలేదన్నారు. (కాకరకాయ కూర నిక్షేపంగా తినవచ్చు, దాని కోసం మాత్ర మానకూడదు. రాత్రి అన్నం మాని ఆరు చపాతీలు తినేవాళ్ళ సంగతి కూడా ఇంతే. అది అన్నానికి మారుపేరు!)

కారణం తెలిశాక మార్పు చిన్నదే. కోతలకు, నాట్లకు, మినుము తీతలకు ముందు రెండు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వాలి. మాత్రలు అయిపోయాక కాదు, నెలకు సరిపడా మిగిలి ఉండగానే ఇండెంటు రాయాలి. మూడు నెలలు ఒక ఊళ్ళో చేసి చూసి, మళ్ళీ లెక్క కట్టాలి. 120 తగ్గి 70 అయిందా, మిగతా ఊళ్ళకు పాకించవచ్చు. తగ్గలేదా, వేరే ఉపాయం చూడాలి. ఊహించడం, ప్రయోగం, కొలత, మళ్ళీ ఊహించడం. మీరు ప్రయోగశాలలో లోలకంతో చేసేది ఇదే కాదూ? ఆసుపత్రి పనిని కూడా ఇలా ప్రయోగం చేసి బాగుచేయవచ్చునని చాలా దేశాలు ఆలస్యంగా తెలుసుకున్నాయి.

బ్రిటనులో 2004 నుంచి వీధి డాక్టర్లకు ఇచ్చే జీతంలో కొంత భాగాన్ని ఇలాంటి లెక్కలకు ముడిపెట్టారు. అక్కడ షుగరు రోగులకు ఏటా జరగవలసిన పరీక్షల పట్టిక ఉంది. హెచ్‌బి ఎ-వన్-సి, రక్తపోటు, కొలెస్టరాల్, మూత్రపిండాల పని తెలిపే రక్తపరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్, బరువు, పొగతాగే అలవాటు, పాదాలు. వీటికి తోడు కంటి లోపలి పొర పరీక్ష. మీ ఇంట్లో తాతయ్యకో, అమ్మమ్మకో షుగరు ఉంటే వారి ఆసుపత్రి పుస్తకం తీసి, ఈ ఏడాది వీటిలో ఏవి జరిగాయో, ఏవి జరగలేదో చూడండి. మందుల విషయంలో మీరు సలహాలు చెప్పకండి, అది డాక్టరు పని. ఏది మిగిలిపోయిందో డాక్టరు గారిని గాని, ఊళ్ళో ఆరోగ్య కేంద్రంలోని నర్సును గాని అడగమని పెద్దవాళ్ళకు గుర్తుచేయడం మాత్రం మీరు చేయగల పనే. ఇంట్లో 30 ఏళ్ళు దాటినవాళ్ళకు అసలు పరీక్షే జరగలేదా? జాతీయ కార్యక్రమం కింద వారికి ఉచితంగా చేస్తారు.

ఈ పరీక్షలన్నిటిలో తరచు తప్పిపోయేది పాదాల పరీక్ష. దానికి యంత్రం అక్కరలేదు. అందుకే కాబోలు ఎవరూ లెక్కచేయరు! మన మాగాణి భూముల్లో మనుషులు బురదలో ఉత్త కాళ్ళతో దిగుతారు. కోసిన వరి దుబ్బులు మేకుల్లా ఉంటాయి. నాడులు చెడి స్పర్శ పోయినవాడికి ముల్లు గుచ్చుకున్నా, నత్తగుల్ల కోసినా తెలియదు. సాయంత్రం కాళ్ళు కడుక్కునేటప్పుడు చూసుకోకపోతే మూడు రోజులకు చీము పడుతుంది. వేలు తీసివేయవలసి వచ్చిన కేసులు చాలావరకు ఇంత చిన్న గాయంతోనే మొదలవుతాయి.

ఇంగ్లండులో ఇప్స్‌విచ్ అనే ఊరి వైద్యులు స్పర్శ పోయిందేమో తెలుసుకునే ఒక తేలిక పద్ధతి చెప్పారు. మీరు ఇంట్లో చేయవచ్చు. షుగరు ఉన్న పెద్దవారిని మంచం మీద పడుకుని కళ్ళు మూసుకోమనండి. పాదాలకు ఏ తొడుగూ ఉండకూడదు. మీ చూపుడువేలి కొనతో వారి బొటనవేలి కొసను, నడిమి వేలి కొసను, చిటికెన వేలి కొసను ఒక్కొక్కటిగా తాకండి. రెండు పాదాలకూ కలిపి ఆరు చోట్లు. తాకినట్లు తెలియగానే వారు 'కుడి' అనో 'ఎడమ' అనో చెప్పాలి. ఈక తగిలినంత తేలికగా, ఒకటి రెండు సెకండ్లు మాత్రమే తాకాలి. నొక్కకూడదు, గీరకూడదు, చక్కిలిగిలి పెట్టకూడదు. తెలియలేదన్న చోట రెండోసారి తాకకూడదు. ఆరింటిలో రెండు గాని అంతకన్న ఎక్కువ గాని తెలియకపోతే స్పర్శ తగ్గినట్లు లెక్క. అప్పుడు ఏ వేళ్ళో, ఏ తేదీనో ఆసుపత్రి పుస్తకం వెనక పేజీలో రాసి, ఈసారి వెళ్ళినప్పుడు ఆ పేజీ తెరిచి డాక్టరు గారికి చూపించమనండి.